డర్బన్ ఓడెక్కిన మన పెద్దల జాడ ఆన్‌లైన్‌లో ఎలా పట్టాలి?

[ఓపెనింగ్: పాత మ్యాప్. మద్రాసు నుంచి డర్బన్‌కి గీత.]

‘మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు.’ ఉత్తరాంధ్రలో మీ ఇంట్లో ఇలాంటి మాట ఉందా? ఆ ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌ది అయితే వెతకడానికి దారి ఉంది.

ట్రూరో అనే ఓడ మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా, ఐదేళ్ల ఒప్పందం మీద, లక్షా యాభై వేలమందికి పైగా నేటాల్‌కి, అంటే డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలసకి, వెళ్లారు. ఎక్కువమంది చెరకు తోటలకే. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులోనే ఎక్కారు, వాళ్లలో తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు.

[స్క్రీన్: జాబితాలోని గడులు]

దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో ఎక్కించారు. ఆ ఓడల జాబితాలను క్వాజులు-నేటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఆన్‌లైన్‌లో పెట్టింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు... ఇంకో గడిలో ఒంటి మీద గుర్తులు. ‘ఎడమ మోకాలి మీద మచ్చ’ లాంటివి. మనిషి పారిపోతే ఆనవాలు పట్టడానికి రాసుకున్నవి ఇవి. ఫొటో లేని ఆ మనిషి రూపం ఇవాళ మనకి తెలిసేది మాత్రం ఆ గడిలోనే.

వయసుని మరీ నమ్మకండి. గుమాస్తా చూసి అంచనాగా వేసిన అంకెలు చాలా ఉంటాయి.

[స్క్రీన్: సెర్చ్ బాక్స్]

ఇప్పుడు అసలు చిక్కు. ఇంటిపేరు కొట్టి వెతికితే సాధారణంగా ఏమీ రాదు. జాబితాలో ఉండేది ఒట్టి పేరే: అప్పలస్వామి, రాములు, నరసమ్మ. అవి కూడా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా. అక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో తాత పేరో, ‘నాయుడు’ అన్న మాటో తర్వాతి తరాలకి ఇంటిపేరైపోయింది. అందుకని ముందు జిల్లా, తర్వాత ఊరు, ఆఖర్న పేరు.

అయితే జిల్లా అంటే అప్పటి జిల్లా! శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. అప్పట్లో శ్రీకాకుళం పట్నం గంజాం జిల్లాలో ఉండేది, ఇంగ్లీషులో ‘చికాకోల్’. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో. చిత్తూరు వాళ్లు ఉత్తర ఆర్కాటు కింద చూడండి, చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు.

ఒకే పేరుతో పదిమంది కనిపిస్తే కంగారు వద్దు. అదే ఓడలో, పక్క నంబర్లలో ఎవరున్నారో చూడండి. ఒక ఊరివాళ్లు, అన్నదమ్ములు, భార్యాభర్తలు చాలాసార్లు వరసగా ఉంటారు. తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తేనే మనవాడనుకోండి. కులం గడి ఒక్కటీ కుదిరిందని సంబరపడితే వేరేవాళ్ల తాతని ఇంటికి తెచ్చుకున్నట్టే.

[స్క్రీన్: నంబరు మీద జూమ్]

మనిషి దొరికాక ఆ నంబరు రాసిపెట్టుకోండి. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్‌కి ‘నైర్స్’ (NAAIRS) అనే ఆన్‌లైన్ సూచిక ఉంది. అందులో పేరుతో, నంబరుతో రెండు రకాలుగా వెతకండి. పెళ్లి నమోదు, యజమాని మీద ఫిర్యాదు, చనిపోయాక ఆస్తి లెక్కలు, ఏదో ఒకటి తగలొచ్చు. అక్కడ కాగితం కనబడదు, ఫైల్ నంబరు మాత్రమే వస్తుంది. నేటాల్ ఫైళ్లు ఎక్కువగా పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కాపీ కావాలంటే ఆ నంబరు చెప్పి వాళ్లకే రాయాలి.