మూణ్ణెల్ల సూది, ఎముకల లెక్క

యాంకర్: సిస్టర్, బ్రేక్‌కి ముందు మీరన్నారు, గర్భం రాకుండా వేసే 'అంతర' సూది వేయించుకుంటే ఎముకలు గుల్లబారిపోతాయని ఊళ్లో అనుకుంటున్నారని. డాక్టర్ గారూ, నిజమేనా?

గైనకాలజిస్ట్: సగం నిజం. అందులోని మందు డీఎంపీఏ అనే హార్మోన్, మూణ్ణెల్లకోసారి 150 మిల్లీగ్రాములు. అది అండాశయాన్ని జోకొడుతుంది, దాంతో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. ఎముకను అరగదీసే కణాలకు కళ్లెం వేసేది ఆ ఈస్ట్రోజెనే. అందుకే ఎముక సాంద్రత, అంటే దాని గట్టిదనం, కొంత పడుతుంది. వేరే పద్ధతి కుదిరితే రెండేళ్లు దాటించొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరిక వేయించింది. కానీ సూది ఆపాక పోయింది చాలావరకు తిరిగొస్తుంది. ఈ రెండో మాటే ఊరిదాకా రాలేదు. 18 నుంచి 45 ఏళ్లవాళ్లకు ఎముకల పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ అడ్డు చెప్పట్లేదు.

ఏఎన్ఎమ్: మా దగ్గర ఒకామె నా ముందే సూది కార్డు చింపేసిందండీ. 'మోకాళ్లు పీకుతున్నాయి సిస్టర్, అంతా మీ సూదే' అని. పొద్దస్తమానం వంగి పత్తి ఏరుతుంది. పాలు తాగుతావా అంటే, 'పిల్లలకే చాలట్లేదు' అంది.

గైనకాలజిస్ట్: సాంద్రత తగ్గితే నొప్పి తెలీదమ్మా. విరిగేదాకా ఎముక నోరు విప్పదు. ఆ పీకుడుకి కారణం వేరే చూడాలి.

యాంకర్: మరి గర్భనిరోధక మాత్రలు? జిమ్‌కెళ్లే అమ్మాయిలు కండ పట్టదని భయపడుతున్నారు.

ఫిజియోథెరపిస్ట్: మాత్రతో, కండ పెరగడానికి తోడ్పడే టెస్టోస్టెరాన్ హార్మోన్ రక్తంలో స్వేచ్ఛగా తిరిగేది తగ్గే మాట నిజమే. అయినా బరువులెత్తించి చూసిన పరిశోధనల్లో, వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ పెద్ద తేడా తేలలేదు. కండను ఎముకకు కట్టే టెండన్ల సంగతి ఇంకా గజిబిజి. కొన్ని పరిశోధనల్లో వాటికి బలమిచ్చే కొలాజెన్ ప్రొటీన్ తయారీ నెమ్మదించింది. ఇంకోపక్క, మోకాలి ఎముకల్ని కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు గాయాలు మాత్ర వేసుకునేవాళ్లలో తక్కువన్న లెక్కలూ ఉన్నాయి. అలాగని మోకాలి కోసం మాత్ర మొదలుపెట్టమని నేనెవరికీ చెప్పను.

గైనకాలజిస్ట్: ఒక్క నిమిషం, అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. పరుగు పందేలాడే పిల్లకి సరిపడా తిండి లేక నెలసరి ఆగిపోతుంది. ఎవరో మాత్ర రాస్తారు. బ్లీడింగ్ కాగానే తల్లి 'హమ్మయ్య' అంటుంది. అది నెలసరి కాదండీ, హార్మోన్ మాత్రలు ఆపిన వారంలో వచ్చే రక్తం. సర్కారు ఇచ్చే గర్భనిరోధక మాత్రలు మాలా-ఎన్‌లో ఆ చివరి ఏడూ ఐరన్ బిళ్లలే. లోపల ఎముక అరుగుతూనే ఉంటుంది, మనకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఫిజియోథెరపిస్ట్: ఆ పిల్లకి ముందు కంచం చూడాలి, తర్వాతే మందు.

ఏఎన్ఎమ్: మేడమ్, ఆ కార్డు చింపినామె మళ్లీ వస్తానని కబురంపింది. సోమవారం వెయ్యనా, వద్దా?

గైనకాలజిస్ట్: వయసెంత? స్టెరాయిడ్ మందులేమైనా వాడుతోందా?

ఏఎన్ఎమ్: ఇరవయ్యారు. ఏమీ వాడట్లేదు. మూడు సూదులయ్యాయి.

గైనకాలజిస్ట్: బీపీ చూసి, మిగతావి మామూలుగా అడిగి వెయ్యండి. రాగిజావ తాగమనండి. వేసిన చోట రుద్దొద్దని చెప్పండి. కొత్త కార్డు రాసివ్వండి.