గొడవంతా పదమూడో రౌండ్ దగ్గరే

[శ్రీకాకుళం. కోడి రామమూర్తి స్టేడియం బయట టీ కొట్టు.]

నమస్తే అండీ. హెవీవెయిట్ బాక్సింగ్‌లో, అంటే అందరికన్నా బరువైనోళ్ల పోటీల్లో, ఎవడు గొప్పోడని మొన్న ఇక్కడే మావోళ్ల మధ్య పెద్ద గొడవ. "మార్సియానో 49 ఆడితే 49 నెగ్గాడు, మించినోడు లేడు" అంటాడొకడు. "ఏట్రా, ఫ్యూరీ ఒక్కటిస్తే లెగుస్తాడేటి ఆడు?" అని ఇంకొకడు.

రెండోవాడి మాటలో కొంత నిజముంది. 1950ల ఛాంపియన్ రాకీ మార్సియానో సుమారు 85 కేజీలు. 2020లో అప్పటి ఛాంపియన్ వైల్డర్‌ని ఓడించినప్పుడు ఈ కాలం బాక్సర్ టైసన్ ఫ్యూరీ 124.

[పాతిక కేజీల బియ్యం బస్తా భుజానికెత్తి]

తేడా ఇలాంటి బస్తాన్నర! మార్సియానో బరువు ఇప్పుడైతే హెవీవెయిట్ కన్నా తక్కువ బరువున్న క్రూజర్‌వెయిట్ తరగతి కిందకే వస్తుంది. అలాగని బరువే గెలిపించదు. 2024 మేలో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ తనకన్నా 17 కేజీలు ఎక్కువున్న అదే ఫ్యూరీని ఓడించాడు. నా దృష్టంతా రౌండ్ల మీదే.

1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్. మొదటి రౌండ్‌లోనే మార్సియానో కిందపడ్డాడు. 12 రౌండ్లయ్యేసరికి పాయింట్లు వేసే ముగ్గురి లెక్కలోనూ వాల్కాటే ముందు. 13వ రౌండ్ మొదలై నిమిషం కూడా కాలేదు, ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి విసిరారు. మార్సియానోది ముందు తగిలింది. వాల్కాట్ ఒక చెయ్యి తాడుకి చిక్కుకుని, అలాగే మోకాళ్ల మీదకి జారిపోయాడు.

అప్పట్లో టైటిల్ పోటీకి 15 రౌండ్లు. 1982లో దక్షిణ కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో పడిపోయి, కొద్దిరోజులకే చనిపోయాడు. ఆ తర్వాతే 12కి తగ్గించడం మొదలైంది. ఇప్పటి లెక్కైతే పాయింట్ల మీద ఆ రాత్రి టైటిల్ వాల్కాట్‌దే. ఇక 49-0 ఎక్కడిది? రౌండ్లు పన్నెండేనని తెలిస్తే మార్సియానో ముందే విరుచుకుపడేవాడేమో, అది వేరే మాట.

మరో హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్‌దీ అదే కథ. 1941లో బిల్లీ కాన్ కన్నా పాయింట్లలో వెనకబడి, 13వ రౌండ్ నాకౌట్‌తోనే, అంటే ఎదుటోణ్ణి లేవలేకుండా పడగొట్టే, గట్టెక్కాడు.

1970లో కంప్యూటర్‌తో లెక్కలు కట్టించి, మహమ్మద్ అలీకి మార్సియానోకి పోటీ జరిగినట్టు సినిమాగా చూపించారు. ఎవరు గెలిచారనుకున్నారు? మార్సియానో. నాకౌట్. ఏ రౌండో మీరే చెప్పండి!

[స్క్రీన్ మీద: 13]

నా ఓటు మాత్రం అలీకే. 1974లో కిన్షాసాలో, అందరూ భయపడే జార్జ్ ఫోర్‌మన్‌ని ఎనిమిదో రౌండ్‌లోనే పడగొట్టాడు. పన్నెండు పెట్టినా, పదిహేను పెట్టినా ఆ గెలుపు మారదు.

మైక్ టైసన్ అభిమానులు కోప్పడకండి. 1986లో ఆయన 20 ఏళ్లకే, రెండో రౌండ్‌లోనే టైటిల్ కొట్టేశాడు, ఒప్పుకుంటాను. కానీ 1990లో డగ్లస్ అనే బాక్సర్ చేతిలో పడిందీ పదో రౌండ్‌లోనే కదా, అదీ పన్నెండులోపే!