కారం పౌచ్: గ్రాముల లెక్క, సీలు లెక్క

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమంది కారం, పసుపు, మసాలా పొడులు ప్యాక్ చేసి అమ్మేవాళ్లే. పౌచ్‌లో ప్లాస్టిక్ తగ్గించడం, రీసైకిల్ అయ్యే రకానికి మారడం గురించి మాట్లాడదాం. అందుకని నేరుగా 200 గ్రాముల కారం పౌచ్ దగ్గరికే వస్తాను.

మామూలుగా వాడేది 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పెట్, అంటే నీళ్ల సీసాల ప్లాస్టిక్, దానికి అతికించిన 75 మైక్రాన్ల పాలిథిన్. ఆ రెంటినీ విడదీయడం కుదరదు కాబట్టి పాత సామాన్ల వాళ్లకి అది పనికిరాదు. 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు ఉన్న పౌచ్ బరువు సుమారు 5.1 గ్రాములు. పాలిథిన్‌ని 60 మైక్రాన్లకి దించితే 0.8 గ్రాము తగ్గుతుంది, అంటే లక్ష పౌచ్‌లకి 80 కిలోలు. ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గిస్తే ఇంకో 5 శాతం. కాకపోతే ఎత్తు మారితే ప్రింటింగ్ సిలిండర్లు రంగుకొకటి చొప్పున మళ్లీ చేయించాలి, కాబట్టి ఆ పని డిజైన్ మార్చేటప్పుడే పెట్టుకోండి. మొదటి నెల నుంచే డబ్బు మిగిలేది ఇలా మందం తగ్గించడంలోనే. ప్యాకెట్ మీద ‘పర్యావరణానికి మంచిది’ అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసుకోడానికి మాత్రం ఇది పనికిరాదు!

తర్వాత మోనో మెటీరియల్, అంటే అన్ని పొరలూ పాలిథినే, విడదీసే పనే ఉండదు. పైన సాగదీసిన పాలిథిన్ 25 మైక్రాన్లు, లోపల 60, మొత్తం 4.7 గ్రాములు. గాలి తగిలితే కారం రంగు వెలిసిపోతుంది. అందుకని లోపలి ఫిల్మ్‌లో గాలిని ఆపే ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ పొర సన్నటిది అడగండి, అది బరువులో 5 శాతం దాటకూడదు.

చిక్కంతా సీలింగ్ దగ్గరే. పెట్ 250 డిగ్రీల దాకా కరగదు కాబట్టి ఆపరేటర్ వేడి పెంచి స్పీడు లాగుతుంటాడు. సాగదీసిన పాలిథిన్ 130 దగ్గరే సీలు వేసే వేడి బారుకి అంటుకుని ముడుచుకుపోతుంది. అందుకే 100–110 డిగ్రీల్లోనే అతికే లోపొర తీసుకోండి. బారుకి కొత్త టెఫ్లాన్ బట్ట చుట్టండి. వేడి 5 డిగ్రీల చొప్పున పెంచుతూ ఒక్కో మెట్టు దగ్గర 20 పౌచ్‌లు సీలు చేసి, పూర్తిగా చల్లారాక లాగి చూడండి. సీలు అరటి తొక్కలా ఊడొస్తే వేడి చాలనట్టు. సీలు పక్కన ఫిల్మ్ సాగి చిరిగితే సరిపోయినట్టు. తర్వాత బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి. ఒకే చోటు నుంచి బుడగలు వస్తుంటే చాలాసార్లు తప్పు ఫిల్మ్‌ది కాదు, సీలు మధ్యలో ఇరుక్కున్న కారం పొడిది. ఫిల్లింగ్ గొట్టం కింద దుమ్ము లాగే సక్షన్ పెడితే సర్దుకుంటుంది.

వేడి తక్కువ పెట్టడం వల్ల సీలింగ్‌కి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి మెషీన్ స్పీడు కొంత పడిపోతుంది. ఆ అదనపు కూలీ, కరెంటు కూడా లెక్కలో వేయండి. దాని పక్కనే, సీలు ఊడి కారిపోయి వెనక్కొచ్చే పౌచ్‌ల ఖర్చు కూడా రాసుకోండి, లోపలి సరుకు ధరతో సహా.

ఇక మొక్కజొన్న ప్లాస్టిక్, అదే పీఎల్ఏ. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, చెమ్మనీ సరిగా ఆపదు. కారంలో తేమ 11 శాతం దాటకూడదని నిబంధన ఉంది. వానాకాలంలో ఆ ఫిల్మ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పొడి గడ్డలు కడుతుంది. దానికి తోడు, కంపోస్ట్ అయ్యే రకమని అమ్మాలంటే సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ ఉండాలి. సరఫరాదారు మాటతో సరిపెట్టుకోకుండా కాగితం చూపించమనండి.

ప్రింటెడ్ రోల్స్‌కి ఆర్డరివ్వబోయే ముందు ప్లెయిన్ రోల్ ఒకటి తెచ్చి, స్టిక్కరు అంటించి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక్క రూట్‌లోనే అమ్మి చూడండి.