స్క్రీన్ షేర్‌లో బయటపడ్డ నిశ్చితార్థం ఫొటో

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు మనతో మాట్లాడుతున్న అక్క ఖమ్మంలో చాలా ఏళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నారు. మొన్న ఫోన్‌లో ఒక సంగతి చెప్పారు. విన్న వెంటనే నా లాప్‌టాప్ తెరిచి చూసుకున్నాను. అక్కా, ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి.

డిజైనర్: చెప్తాను తమ్ముడూ. ఆల్బమ్ చూసుకోవడానికి స్టూడియోకి వచ్చేవాళ్లు ఇప్పుడు తక్కువ. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. అందుకని కాల్ పెట్టుకుని, ఫొటోషాప్ షేర్ చేసి ఒక్కో షీటూ చూపిస్తాను. "మా పిన్ని మొహం సగం కట్ అయింది, తలంబ్రాల ఫొటో ఇంకాస్త పెద్దది చెయ్యండి" అంటుంటే అక్కడికక్కడే మారుస్తాను. ఆ రోజు 38 షీట్లు అయిపోయాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. ఆఖరి షీట్ సేవ్ చేసి, కంట్రోల్ డబ్ల్యూ కొట్టాను.

హోస్ట్: కాల్ ఇంకా నడుస్తోంది.

డిజైనర్: నడుస్తోంది. ఫొటోషాప్‌లో చివరి ఫైల్ మూసేస్తే హోమ్ స్క్రీన్ దానంతటదే వచ్చేస్తుంది. ఈ మధ్య తెరిచిన ఫైళ్లన్నీ అందులో వరసగా ఉంటాయి. పేర్లొక్కటే కాదు, బొమ్మలతో సహా. రెండో బొమ్మ ఒక నిశ్చితార్థం షీట్. ఆకుపచ్చ పట్టుచీరలో అమ్మాయి, పక్కన అబ్బాయి, ఇద్దరి చేతులకీ ఉంగరాలు. గబుక్కున షేరింగ్ ఆపేశాను కానీ, ఆలోపే కాల్‌లో ఉన్న పెద్దావిడ ఒకరు "ఈ పిల్ల మా వీధి అమ్మాయే కదా, సంబంధం ఎప్పుడు కుదిరింది?" అనేశారు.

హోస్ట్: అయ్యో.

డిజైనర్: అబ్బాయి వాళ్లింట్లో ఎవరో పోయారట. నెల తిరిగాకే అందరికీ చెబుదామని రెండు వైపులా అనుకున్నారు. మర్నాడు పొద్దునకల్లా వీధంతా తెలిసిపోయింది. అమ్మాయి వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. తిట్టలేదు. "నీ దగ్గరున్న ఫొటో వాళ్ల కంట ఎలా పడిందమ్మా?" అని ఒక్క మాట అడిగారు. నాకు నోట మాట రాలేదు.

హోస్ట్: మామూలుగా అందరూ ఇచ్చే సలహా ఒకటుంది కదక్కా. స్క్రీన్ మొత్తం షేర్ చెయ్యకుండా ఆ ఒక్క విండో షేర్ చెయ్యమని.

డిజైనర్: నేను చేసింది అదే! చాలామందికి తట్టని సంగతి ఇక్కడే ఉంది. వాట్సాప్ మెసేజ్ వచ్చినా, డెస్క్‌టాప్ మీద ఏ ఫైల్ ఉన్నా విండో షేర్ కాపాడుతుంది, నిజమే. కానీ హోమ్ స్క్రీన్ ఫొటోషాప్ విండోలోనే ఉంది. మనం షేర్ చేస్తున్నదే ఆ విండో. ఇంటికి తాళం వేశాం కానీ వచ్చినవాళ్లని నేరుగా లోపలి గదిలోనే కూర్చోబెట్టాం. కాబట్టి దాన్ని సాఫ్ట్‌వేర్ లోపలే సరిచెయ్యాలి.

హోస్ట్: నా ముందు ఫొటోషాప్ తెరిచే ఉంది. చెప్పండి, ఇప్పుడే చేసేస్తాను.

డిజైనర్: ముందు ఫైల్ మెనూలో ఓపెన్ రీసెంట్‌కి వెళ్లు. అడుగున క్లియర్ రీసెంట్ ఫైల్ లిస్ట్ అని ఉంటుంది, అది నొక్కు. పాత జాబితా పోతుంది. కానీ రేపు కొత్త ఫైళ్లు తెరిస్తే మళ్లీ నిండుతుంది. అందుకని ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ తెరువు. రీసెంట్ ఫైల్ లిస్ట్ కంటెయిన్స్ అని, పక్కన ఒక అంకె ఉంటుంది.

హోస్ట్: 20 ఉంది.

డిజైనర్: 0 నుంచి 100 దాకా పెట్టుకోవచ్చు. 0 పెట్టెయ్. తర్వాత ప్రిఫరెన్సెస్‌లోనే జనరల్‌కి వెళ్లి, ఆటో షో ద హోమ్ స్క్రీన్ ఎదురుగా ఉన్న టిక్ తీసెయ్. ఇకమీదట ఆఖరి ఫైల్ మూసినా ఖాళీ వర్క్‌స్పేసే కనిపిస్తుంది.

హోస్ట్: రోజుకి ఇరవై ఫైళ్లు తెరిచి మూసేవాళ్లకి రీసెంట్ లిస్ట్ లేకపోతే చెయ్యి విరిగినట్టు ఉంటుంది కదా?

డిజైనర్: ఉంటుంది. వాళ్లకి నేను చెప్పేది, కాల్స్ కోసమే విండోస్‌లో ఇంకో యూజర్ అకౌంట్ పెట్టుకోమని. ఫొటోషాప్ సెట్టింగులు ఏ యూజర్‌వి ఆ యూజర్‌కే ఉంటాయి, కాబట్టి ఇందాక చెప్పిన మార్పులు ఆ అకౌంట్‌లో చేసుకుంటే చాలు. ఆ అకౌంట్‌లో ఎవరి ఆల్బమ్ చూపించాలో వాళ్ల ఫైళ్లు మాత్రమే తెరువు. మార్పులేమీ లేవు, ఊరికే చూపించడమే అయితే ఫొటోషాప్ ఎందుకు? షీట్లన్నీ జేపెగ్‌లుగా తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టి చూపిస్తే సరిపోతుంది.

హోస్ట్: వీడియో ఎడిటర్ల సంగతేంటి?

డిజైనర్: ప్రీమియర్ తెరిస్తే అక్కడా హోమ్‌లో పాత ప్రాజెక్టుల పేర్లుంటాయి. కాబట్టి ప్రాజెక్ట్ ముందే తెరుచుకుని, ఆ తర్వాతే షేర్ నొక్కాలి. డావిన్సీ రిజాల్వ్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కింద కుడివైపు ఇల్లు బొమ్మ నొక్కితే ప్రాజెక్ట్ మేనేజర్ వస్తుంది. అందులో కనిపించేవి రీసెంట్ ఫైళ్లు కావు, ప్రాజెక్టులే. చెరిపేస్తే పనే పోతుంది. ఒక్కో కుటుంబానికి వేరే ప్రాజెక్ట్ లైబ్రరీ పెట్టుకుంటే ఒకరివి తెరిచినప్పుడు ఇంకొకరివి కనపడవు.

హోస్ట్: అక్కా, ఇక్కడొకటి చూడండి. కింద టాస్క్‌బార్‌లో ఫొటోషాప్ గుర్తు మీద రైట్ క్లిక్ చేశాను. నా ఫైళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి.

డిజైనర్: అది విండోస్ పెట్టుకున్న జాబితా. ఫొటోషాప్‌కి సంబంధం లేదు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, స్టార్ట్‌లోకి వెళ్తే రీసెంట్ ఫైళ్లు చూపించే స్విచ్ ఉంటుంది, ఆపెయ్. స్క్రీన్ మొత్తం షేర్ చేసేవాళ్లకి ఇది తప్పనిసరి. మ్యాక్‌లో అయితే ఆపిల్ మెనూలో రీసెంట్ ఐటమ్స్ కింద క్లియర్ మెనూ ఉంటుంది.

హోస్ట్: ఆపేశాను. పోయింది.

డిజైనర్: ఇంకొక్కటి, ఫైళ్ల పేర్లు. కంట్రోల్ ఓ కొడితే కిందటిసారి తెరిచిన ఫోల్డర్ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. నేను ఇదివరకు అమ్మాయి పేరు, అబ్బాయి పేరు కలిపి ఫైల్‌కి పెట్టేదాన్ని. ఇప్పుడు రసీదు నంబర్ పెడుతున్నాను. ఎవరి నంబర్ ఏదో పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకం నా సొరుగులో ఉంటుంది. కొంచెం పని పెరిగింది, పెరగనీ. వాళ్ల ఇంటి సంగతులు నన్ను నమ్మి నా దగ్గర పెట్టారు.

హోస్ట్: ఆ అమ్మాయి వాళ్లు మళ్లీ మీ దగ్గరికి వచ్చారా?

డిజైనర్: వచ్చారు. పెళ్లి ఆల్బమ్ కూడా నాకే ఇచ్చారు. షీట్లు చూపించే రోజు వాళ్లమ్మగారు కాల్‌లోకి రాగానే, ఏమీ తెరవకుండా ఫొటోషాప్ అలాగే షేర్ చేశాను. ఖాళీ స్క్రీన్. ఆవిడ కాసేపు చూసి, "సరేనమ్మా, మొదటి షీట్ పెట్టు" అన్నారు.