నీళ్లు మండట్లేదు బాసూ, వైరు పని చేస్తున్నాయి!

ఆగండాగండి, స్క్రోల్ చేయకండి! గ్లాసులో ఉప్పునీళ్లు, పైన ఒక లోహపు సూది, మధ్యలో పసుపు మంట, థంబ్‌నెయిల్ మీద ఇంత లావు అక్షరాలతో "ఇక నీళ్లే పెట్రోల్"... ఆ వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి, నాకైతే ఫార్వర్డ్‌ల మీద ఫార్వర్డ్‌లు. ఒక్కటే చెప్తా, తిట్టుకున్నా పర్లేదు. అక్కడ నీళ్లు మండట్లేదు. నీళ్లు ఎలక్ట్రోడ్. అంటే వైరు చివర లోహపు ముక్క చేసే పని నీళ్లు చేస్తున్నాయి, అంతే!

అది మంటే కాదసలు, ప్లాస్మా, అంటే కరెంటు పారేలా చార్జ్ ఎక్కిన వాయువు. మామూలు గాల్లో మిల్లీమీటరుకి దాదాపు 3,000 వోల్టులు పడితే గాలి తట్టుకోలేక కరెంటుకి దారి ఇచ్చేస్తుంది, ఆ కరెంటు నీళ్లలోకి దిగి ఉప్పు అయాన్ల (చార్జ్ ఉన్న కణాల) మీదెక్కి పోతుంది. మరి ఆ పసుపు? సోడియం అండీ సోడియం, 589 నానోమీటర్లు! నీళ్లకి మైనస్ ఇస్తే ప్లాస్మాలోని అయాన్లు వచ్చి నీటి పైపొరని దబదబా బాదుతాయి, ఉప్పులోని సోడియం పైకి లేచి వెలుగుతుంది. అదే ప్లస్ ఇచ్చి చూడండి, ఆ పసుపు చాలావరకు పోతుంది. పెట్రోల్ అయితే ప్లస్సు మైనస్సు చూసి మండుతుందా?

పోనీ నీళ్లు విడిపోయి మండే హైడ్రోజన్ వస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదన్లేదు. 18 గ్రాముల నీళ్లని విడగొట్టడానికి 286 కిలోజౌళ్లు కావాలి, ఆ హైడ్రోజన్‌ని మళ్లీ కాలిస్తే వచ్చేదీ అదే 286. లాభం సున్నా, పైగా వేడికీ వెలుగుకీ పోయింది మీ జేబులోంచే.

నాకు ఒళ్లు మండేది ఇంకో దానికి. 1887లోనే గుబ్కిన్ అనే ఆయన సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో లోహపు కాథోడ్ (మైనస్ వైపు ఎలక్ట్రోడ్) ముంచకుండానే, పైనుంచి డిశ్చార్జ్, అంటే వాయువు గుండా కరెంటు, పంపి వెండి తీశాడు! ప్లాస్మా అన్న పేరు అమెరికా సైంటిస్టు లాంగ్‌మ్యూర్ పెట్టింది 1928లో, అంటే పేరు కంటే పని ముందొచ్చింది. 1993లో హంగేరీ వాళ్లు ఇదే వెలుగుని చదివి నీళ్లలో ఏ లోహాలున్నాయో పట్టే పద్ధతి పేపర్‌గా వేశారు. ఇదే ప్లాస్మా వల్ల నీళ్లలో హైడ్రాక్సిల్ రాడికల్స్ (నీటి అణువు విరిగి వచ్చే మహా చురుకైన ముక్కలు) పుట్టి రంగునీళ్లలోని రంగు పదార్థాలని (డైలని) విరగ్గొడతాయి. ఇంత సరుకున్న సబ్జెక్టు జనాలకి ఎందుకు తెలీదు? నా థియరీ నాది, ఎలక్ట్రికల్ వాళ్లు "ఇది కెమిస్ట్రీ" అంటారు, కెమిస్ట్రీ వాళ్లు "ఇది కరెంటు" అంటారు, ఆ సందులో ఈ ఫ్రీ ఎనర్జీ బ్యాచ్ దూరి దుకాణం పెట్టేసింది.

అన్నట్టు ఇంట్లో ట్రై చేద్దామనుకునే హీరోలూ, వద్దు. షాక్ సంగతి సరే, ఓజోను, నైట్రోజన్ ఆక్సైడ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కామెంట్స్‌లో గొడవకి నేను రెడీ. కాకపోతే ఒక్క కండిషన్, లోపలికెళ్లిన కరెంటు ఎంతో మీటర్ రీడింగ్ కనపడే "నీటి పెట్రోల్" వీడియో ఒక్కటంటే ఒక్కటి లింక్ పెట్టి మాట్లాడండి.