మీ పాత్రకు ఏ జంతువు తోడు?

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు మీ పాత్రకు తోడు జంతువును ఎలా ఎంచుకోవాలో చూద్దాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతూ, పాచికలు వేస్తూ కథలా ఆడే బల్ల ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. నేను చెప్పే నియమాలు దాని అయిదో ఎడిషన్, 2014 నాటి పుస్తకాల్లోవి.

మా ఆదివారం ఆటకు ఒంగోలు మిత్రుడు ఒకరు వస్తారు. ఆయన పాత్ర రేంజర్, అంటే అడవుల్లో తిరిగే వేటగాడు. అది మూడో లెవెల్‌కు చేరి, జంతువును తోడు తెచ్చుకునే బీస్ట్ మాస్టర్ కాగానే, ‘నాకు ఒంగోలు గిత్త కావాలి’ అన్నారు. ఆ మూపురం, ఆ రాజసం చూస్తూ పెరిగిన మనిషి, అడగరా మరి! కానీ తోడు జంతువు మీడియం సైజు దాటకూడదు, ఛాలెంజ్ రేటింగ్, అంటే అదెంత ప్రమాదకరమో చెప్పే అంకె, పావుకు మించకూడదు. గిత్త లార్జ్. పైగా మా కథలో దిగాల్సింది ఉదయగిరి లాంటి కొండకోట కింద ఇరుకు సొరంగంలోకి. గిత్తను బయట కట్టేసి ఆయన ఏం ఆడతారు? అందుకే కథ ఎక్కడ నడుస్తుందో కథ నడిపించే మీ గేమ్ మాస్టర్‌ను ముందే అడగండి.

చివరికి నెల్లూరు పొట్టేలును తీసుకున్నారు. పొడుగు కాళ్ల జాతి, చూడటానికే ముచ్చటగా ఉంటుంది. పుస్తకంలోని మేక అంకెలనే దానికి వాడాం.

ఇప్పుడు ఈ గళ్ల కాగితం చూడండి. ఒక్కో గడి 5 అడుగులు. పొట్టేలు ఇక్కడి నుంచి నాలుగు గళ్లు తిన్నగా పరుగెత్తి కుమ్మింది. దెబ్బ తగిలితే మరో నాలుగు ముఖాల పాచిక అదనం. శత్రువు బలం పరీక్షలో 10 తెచ్చుకోలేకపోతే నేల మీద పడతాడు. పడ్డవాణ్ని పక్క గడిలోంచి కొట్టేవాళ్లకు అడ్వాంటేజ్. అంటే ఇరవై ముఖాల పాచికలు రెండు వేసి, పెద్ద అంకె తీసుకోవచ్చు.

ఒక్కటి మరిచిపోవద్దు. మూడో లెవెల్‌లో జంతువును దాడికి పంపితే రేంజర్ తన యాక్షన్, అంటే తన వంతులో చేసే ముఖ్యమైన పని, వదులుకోవాలి. కాబట్టి మీ విల్లు చేయలేని పని చేసే జంతువునే తీసుకోండి. మా రేంజర్ బాణాలు శత్రువును పడగొట్టలేవు, పొట్టేలు పడగొడుతుంది. కత్తి పట్టిన స్నేహితులు ముందు వరుసలో ఉంటే తోడేలు ఇంకా మేలు. శత్రువు పక్కన మనవాళ్లు ఒక్కరున్నా దానికి అడ్వాంటేజ్ వస్తుంది.

విజార్డ్‌లకైతే, అంటే మంత్రగాళ్ల పాత్రలకైతే, నా ఓటు గుడ్లగూబకే. ఫైండ్ ఫెమిలియర్ మంత్రంతో వచ్చిన జంతువు దాడి చేయలేదు, సాయం చేయగలదు. గుడ్లగూబ అలా వాలి సాయం చేసి ఎగిరిపోతుంటే, శత్రువుకు ఎదురుదెబ్బ కొట్టే అవకాశం ఉండదు.

ఎంచుకున్నాక దానికి పేరు పెట్టండి, ఇష్టమైన మేత రాయండి. మా పొట్టేలు కాగితం మీద ‘అవిసాకు’ అని ఉంది. ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలదో చెప్పే హిట్ పాయింట్లు మేకకు 4 మాత్రమే అయినా, రేంజర్ లెవెల్‌కు నాలుగింతలన్న నియమం వల్ల దానికి 12 వచ్చాయి. సొరంగంలో ఆ 12 సున్నా అయినప్పుడు బల్ల చుట్టూ అందరం లేచి నిలబడ్డాం. మా క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర, తన గాయాన్ని పక్కన పెట్టి, మిగిలిన ఒకే ఒక్క వైద్య మంత్రం పొట్టేలు మీద వేసింది.