తుపాకీ పట్టని గూఢచారి: ‘డేంజర్ మ్యాన్’ ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం గమనించాలి

నమస్కారం అండి. ఈరోజు రివ్యూ ‘డేంజర్ మ్యాన్’. 1960 సెప్టెంబరు 11న బ్రిటన్‌లో ఐటీవీలో మొదలైన గూఢచారి సీరియల్. మొత్తం 86 ఎపిసోడ్లు. మొదటి 39 అరగంటవి, తర్వాతి 47 గంటవి. హీరో పేరు జాన్ డ్రేక్, వేసింది ప్యాట్రిక్ మెగూహన్. చాలామంది ఒకటో ఎపిసోడ్ పెట్టుకుని, రెండు మూడు చూసి, పాతకాలం సరుకని వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లు ఇందులో అసలైన భాగాన్ని చూడనే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. కొన్ని కథల ముగింపులు కూడా చెప్పాల్సి వస్తుంది, చెప్పేముందు హెచ్చరిస్తాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ సీరియల్లో ఇద్దరు డ్రేక్‌లు ఉన్నారు. 1960లో వచ్చిన డ్రేక్ నాటో మనిషి. టైటిల్స్‌లో వాషింగ్టన్ కనిపిస్తుంది, యాసలో అమెరికా ఉంటుంది. పాతిక నిమిషాల్లో హత్య, విమానం, అనుమానితుడు, కొట్లాట, ముగింపు అన్నీ అయిపోవాలి. కథకు ఊపిరి తీసుకునే తీరికే ఉండదు. ఆ వరుస 1962లో ఆగింది. బాండ్ సినిమాలు ఆడాక, 1964 అక్టోబరులో గంట నిడివితో మళ్లీ తెచ్చారు. ఈసారి డ్రేక్ అచ్చంగా బ్రిటిష్ ఏజెంటు, ఎమ్9 అనే కల్పిత శాఖ ఉద్యోగి. యాస కూడా మారిపోయింది. ఎందుకు మారిందో ఎవరూ వివరించరు, మీరూ పట్టించుకోకండి.

కాబట్టి నేరుగా 1964 ఎపిసోడ్ల దగ్గరికి వెళ్లండి. అరగంటవి తర్వాత వెనక్కి వచ్చి చూసుకోవచ్చు.

ఈ గంట ఎపిసోడ్ల బలం ఎక్కడుందంటే, డ్రేక్ చేసేది నిజంగా ఒక ఉద్యోగంలా ఉంటుంది. వెళ్లిన ప్రతి ఊళ్లో ఏదో ఒక పనివాడి వేషం వేయాలి, ఆ పని తప్పులేకుండా చేయాలి. ‘నో మార్క్స్ ఫర్ సర్విలిటీ’లో రోమ్‌లో ఒక డబ్బున్నవాడి బంగళాలో బట్లర్‌గా చేరతాడు. ఆ యజమాని పొగరుబోతు, మనుషుల్ని పురుగుల్లా చూస్తాడు. డ్రేక్ తలవంచి నిలబడతాడు. ఒక్క దెబ్బకి వాణ్ణి కింద పడేయగలడని మనకు తెలుసు, అతనికీ తెలుసు. కానీ ట్రే వంకర పోకూడదు, ముఖం మారకూడదు. మెగూహన్ నటనంతా దవడ దగ్గర ఉంటుంది, అక్కడ చూడండి. ‘నాట్ సో జాలీ రోజర్’లో సముద్రం మధ్యలో దొంగ రేడియో స్టేషన్‌లో పాటలు వేసే డీజే అవుతాడు. అది సెట్ అనుకునేరు. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న రెడ్ శాండ్స్ కోట అది, రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మీద కాల్పులకు కట్టింది. ఆ రోజుల్లో రేడియో 390 అనే అసలు పైరేట్ స్టేషన్ అక్కడి నుంచే నడిచేది. ఆ ఇనుప మెట్లూ కాళ్ల కింద ఊగే నీళ్లూ స్టూడియోలో రావు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ‘కాలనీ త్రీ’. 1964 అక్టోబరు 27న వచ్చింది, దర్శకుడు డాన్ చాఫీ. ఇనుపతెర వెనక, అంటే అప్పటి కమ్యూనిస్టు దేశాల వైపు, ఎక్కడో మారుమూల, అచ్చు ఇంగ్లండు ఊరు ఒకటి కట్టారు. పబ్ ఉంది, దుకాణాలున్నాయి, నిజం ఇంగ్లీషువాళ్లున్నారు. బ్రిటన్‌లో దిగబోయే గూఢచారులు ఇక్కడ బతికి ఆ దేశపు అలవాట్లు ఒంటబట్టించుకోవాలి. పాఠం నేర్పేది ఊరే. ఫుల్లర్ అనే మామూలు గుమాస్తా పేరుతో డ్రేక్ లోపలికి వస్తాడు. తుపాకీ లేదు, బయట ఎవరికీ కబురు చేయలేడు, వచ్చిన దారి తెలియదు. చేయగలిగింది ఒక్కటే, ఫుల్లర్‌గా ఉద్యోగం చేసుకుంటూ ముఖాలు గుర్తుపెట్టుకోవడం. ఇందులో భయం ఎక్కడి నుంచి వస్తుందో గమనించండి. చీకటి లేదు, వెంటాడేవాళ్లు లేరు. పట్టపగలు, ఇంగ్లండులా కనిపించే వీధి, ఆ వీధి దాటి ఎవరూ బయటికి పోలేరు. మెగూహన్ తర్వాత 1967లో చేసిన ‘ది ప్రిజనర్’ చూసినవాళ్లకు ఈ ఊరు వెంటనే గుర్తొస్తుంది.

ఇప్పుడు ముగింపు చెప్తున్నాను, వద్దనుకుంటే ఒక నిమిషం ముందుకు జరపండి. ప్రియుణ్ణి వెతుక్కుంటూ జానెట్ అనే అమ్మాయి కూడా ఆ ఊరికి వచ్చి ఉంటుంది. డ్రేక్ బయటపడతాడు. ఆమె అక్కడే ఉండిపోతుంది. లండన్‌లో పైవాళ్లను అడిగితే ఏమీ చేయలేమంటారు. అంతే, కథ అయిపోయింది. పని పూర్తయింది, ఒక మనిషి మాత్రం చెయ్యిజారిపోయింది. ‘ఇట్స్ అప్ టు ద లేడీ’లోనూ ఇదే బాధ. శత్రుపక్షానికి పారిపోతున్న ఒక శాస్త్రవేత్తను ఆపాలి. వెనక్కి వస్తే అరెస్టు ఉండదని డ్రేక్ అతని భార్యకు మాటిస్తాడు. ఆ మాట తప్పించేది శత్రువులు కాదు, డ్రేక్ సొంత ఆఫీసే. గూఢచారి కథల్లో విలన్ ఓడిపోగానే పాట మొదలవుతుంది. ఇక్కడ డ్రేక్ ఆఫీసులో నిలబడి, ఏం అనాలో తోచక పైవాళ్ల ముఖంలోకి చూస్తాడు. నన్నడిగితే ఆ చూపు కోసమే ఈ సీరియల్ చూడాలి.

ఇక పరికరాలు. ఇక్కడ ఈ సీరియల్ చాలా నిజాయితీగా ఉంటుంది. షేవింగ్ మిషన్ తలలో దాచిన టేప్ రికార్డర్, లైటర్‌లో కెమెరా లాంటివే వాడతారు. ఒక ఎపిసోడ్‌లో కనిపించినవి మరోదాంట్లోనూ కనిపిస్తాయి, ఆఫీసు సామాన్లలాగే. నాకు బాగా నచ్చింది మైక్రోఫోన్ కొట్టే గన్. దూరం నుంచి గోడలోకి చిన్న మైకును దిగేస్తుంది. దాన్ని తోసేది సోడా సైఫన్‌లో వేసే గ్యాస్ క్యాప్సూల్. ఆ క్యాప్సూల్లో మామూలుగా 8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, బార్ సామాన్ల దుకాణంలో ఎవరైనా కొనుక్కునేదే. మందుగుండు శబ్దం ఉండదు, సంచీ వెతికినా అనుమానం రాదు. ఆలోచన బాగుంది కదా.

నిజం గూఢచారులు వాడిన కెమెరా మినాక్స్ గురించి రెండు మాటలు. సినిమాల్లో కాగితం మీద కెమెరా పెట్టి టకటకా నొక్కేస్తారు. మినాక్స్ నెగెటివ్ సైజు 8 ఇంటూ 11 మిల్లీమీటర్లు. 20 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ అవదు. అందుకే దానికి పూసల గొలుసు తగిలించి ఉంటుంది. కాగితం మీదికి గొలుసు సాగదీసి, పూసను బట్టి దూరం కొలిచి, కెమెరా మీద అదే దూరం పెట్టి, అప్పుడు నొక్కాలి. గొలుసు వాడకపోతే అక్షరాలు మసకబారతాయి, అంత చిన్న నెగెటివ్‌ను పెద్దది చేసేసరికి ఒక్క వాక్యమూ చదవలేరు. ఇకమీదట ఏ గూఢచారి సినిమా చూసినా ఆ గొలుసు ఉందో లేదో చూడండి.

తుపాకీ సంగతి. డ్రేక్ దాదాపుగా తుపాకీ పట్టడు, అమ్మాయిల వెంట పడడు. ఇవి మెగూహన్ పెట్టిన షరతులు. బాండ్ పాత్ర ఇస్తామంటే వద్దన్న నటుడాయన. ‘గూఢచారి 116’తో మనకు కృష్ణ గారు పరిచయం చేసిన గూఢచారి వేగం, స్టైలు వేరు. అదే 1966లో అక్కడ నడుస్తున్న డ్రేక్ తగువు వస్తే ముందు మాటలతో తప్పించుకోవాలని చూస్తాడు. కొట్లాట తప్పకపోతే కొద్ది సెకన్లలో, ఇరుకు గదిలో, కుర్చీలూ దీపాలూ విరుగుతుండగా అయిపోతుంది.

లోపాలు దాచను. ప్రతి వారం కొత్త దేశం అంటారు గానీ, మెగూహన్ చాలావరకు బోరమ్‌వుడ్‌లోని స్టూడియో దాటి వెళ్లలేదు. ఏ దేశానిదో స్టాక్ షాట్, అంటే ఎవరో ఎప్పుడో తీసిపెట్టిన ముక్క ఒకటి, తర్వాత స్టూడియో వీధి. మొట్టమొదటి ఎపిసోడ్‌లోని ఇటలీ కూడా వేల్స్‌లోని పోర్ట్‌మేరియన్. అది క్షమించేయొచ్చు. క్షమించలేనిది ముఖాలకు రంగు పూయడం. అరబ్బులుగా, ఆసియావాళ్లుగా ఎన్నోచోట్ల ఇంగ్లీషు నటులే కనిపిస్తారు. భారతదేశంలో జరిగే ‘ద కల్నల్స్ డాటర్’ మనవాళ్లకు అక్కడక్కడా చివుక్కుమనిపిస్తుంది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా కథల్లో కల్పిత దేశాల పేర్లు వినగానే స్క్రిప్టు పలచబడుతోందని అర్థం చేసుకోండి.

చూసే ముందు టీవీలో రెండు సెట్టింగులు సరిచేసుకోండి. ఇది నాలుగుకు మూడు నిష్పత్తి బొమ్మ, స్క్రీన్ ఫిట్ ‘స్ట్రెచ్’లో ఉంటే మనుషులు లావుగా సాగిపోతారు, ‘ఒరిజినల్’ పెట్టండి. కదలికల్ని టీవీయే నున్నగా చేసే ‘మోషన్ స్మూతింగ్’ ఆపేయండి, లేకపోతే ఫిల్ము కాస్తా నాటకంలా కనిపిస్తుంది. ‘సీక్రెట్ ఏజెంట్’ పేరుతో కనిపిస్తే కొత్త సీరియల్ అనుకోకండి, ఇదే గంట ఎపిసోడ్ల అమెరికా పేరు. దానికి జానీ రివర్స్ పాట అతికించారు. బ్రిటిష్ ప్రింట్‌లో ఎడ్విన్ ఆస్ట్లీ కట్టిన ‘హై వైర్’ అనే బాణీ ఉంటుంది, పియానోలాంటి పాతకాలపు వాద్యం హార్ప్‌సికార్డ్ గలగల. ఎంచుకునే వీలుంటే బ్రిటిష్‌దే తీసుకోండి.

కథలు ఒకదానికొకటి తగులుకోవు కాబట్టి వరుస ముఖ్యం కాదు. ‘కాలనీ త్రీ’, తర్వాత ‘ఫిష్ ఆన్ ద హుక్’. అందులో కాపాడాల్సిన మనిషి ఎవరో డ్రేక్‌కే తెలియదు. ఆపైన ‘ఇట్స్ అప్ టు ద లేడీ’, ‘వాటెవర్ హాపెన్డ్ టు జార్జ్ ఫాస్టర్?’. ఆఖర్న రంగుల్లో తీసిన రెండు జపాన్ కథలున్నాయి, ‘కొరోషి’, ‘షిండా షిమా’. రెండూ డీలాగా ఉంటాయి. మిగతా 84 అయ్యాక ఓపికుంటే చూడండి.